పాఠకులు దిద్దిన కేటలాగు

గ్రంథాలయమునకు ప్రాణము పుస్తకమని అందరును చెప్పుదురు. కాని లక్ష పుస్తకములున్న భవనములో కేటలాగు లేనిచో దానిని గ్రంథాలయమనుట కంటె గిడ్డంగి యనుట మేలు. ఏ పుస్తకము ఎవరు వ్రాసినది, ఏ విషయమును గూర్చినది, ఏ బీరువాలో నున్నది అను సంగతులను గ్రంథాలయాధికారి కార్డుపై వ్రాయును. పాఠకుడు దానిని చూచి పుస్తకము తెచ్చుకొనును. నూరేండ్లకు పైగా ఈ వ్యవహారము ఒకే దిక్కున సాగినది. కార్డులో తప్పున్నదని పాఠకునకు తెలిసినను దానిపై కలము పెట్టుటకు అతనికి అధికారము లేదు.

2008లో ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద గ్రంథాలయములలో నొకటి ఈ ఆచారమును కొంత సడలించెను. తన యొద్దనున్న పాత ఛాయాచిత్రములను జనులు గుమికూడు చోట పరచి, "వీనిని గూర్చి మాకు తెలియనిది మీకేమైన తెలియునా?" అని అడిగెను. గ్రంథాలయములు సామాజిక మాధ్యమములను ఎట్లు వాడుకొనుచున్నవను ప్రశ్నకు సమాధానము వెదకువారు ఈ కథనుండి మొదలుపెట్టుట మంచిదని నా అభిప్రాయము. క్రొత్త పుస్తకముల జాబితాను ఫేస్‌బుక్కులో పెట్టుట, సెలవుదినములను ప్రకటించుట మొదలగునవి కూడ ఉపయోగకరమైన పనులే. కాని అవి నోటీసు బోర్డు చేయు పనులు. బోర్డు మారినది గాని పని మారలేదు.

పాఠకుని వెదకుకొనుచు గ్రంథాలయము బయలుదేరుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో జాన్ కాటన్ డేనా అను గ్రంథాలయాధికారి 19వ శతాబ్దపు చివరి దశకములో డెన్వర్ నగరమున బీరువాల నడుమకు పాఠకులను స్వేచ్ఛగా రానిచ్చెను. తరువాత 1902 నుండి 1929 వరకు న్యూఅర్క్ నగర గ్రంథాలయమును నడపుచు, వ్యాపారులు సరకును గూర్చి చెప్పుకొనునట్లు గ్రంథాలయమును గూర్చి ప్రకటనలు చేయుట తప్పుకాదని వాదించెను. 1905లో మేరీలాండ్ రాష్ట్రమున మేరీ టిట్‌కోంబ్ అను నామె గుఱ్ఱపు బండిలో పుస్తకములు పేర్చి పల్లెలకు పంపెను. మన దేశములో 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము నడిపించిరి. పడవ వచ్చు వేళకు రేవులో జనము నిలిచియుండుట ఆ ఉద్యమమును ఎరిగినవారు నేటికిని చెప్పుకొను విషయము. బండియైనను పడవయైనను పుస్తకమును పాఠకుని చెంతకు చేర్చినవే. పాఠకునియొద్దనున్న జ్ఞానమును తిరిగి గ్రంథాలయమునకు మోసికొనివచ్చు సాధనము మాత్రము చాలకాలము దొరకలేదు.

ఇక వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సంగతి. ఇది 1800లో స్థాపితమైనది. దానిలో పుస్తకములే గాక చిత్రముల కొరకు ప్రత్యేక విభాగమున్నది. 2008 నాటికి ఆ విభాగములో 1 కోటి 40 లక్షలకు పైగా చిత్రములుండెను. వానిలో నొక సంపుటము జార్జి గ్రాంథమ్ బెయిన్ అను న్యూయార్కు పత్రికా ఛాయాచిత్ర వ్యాపారిది. ఆయన 1898లో వార్తాచిత్రములను పత్రికలకు అమ్ము సంస్థను నెలకొల్పెను. ఓడరేవులో దిగిన విదేశీ ప్రముఖులు, బేస్‌బాల్ ఆటగాండ్రు, సమ్మె చేయు కార్మికులు, వోటుహక్కు కోరు స్త్రీలు, విమానములు ఎక్కు సాహసికులు మొదలగు నాటి న్యూయార్కు జీవితమంతయు ఆ చిత్రములలో నున్నది. సుమారు 40,000 గాజు పలకలు 1948లో గ్రంథాలయమునకు చేరెను.

గాజు పలక యనగా ఫిలిము రాకమునుపు ఛాయాచిత్రకారులు వాడిన నెగెటివు. దానికొక మూల ఎవరో గుమాస్తా హడావిడిగా చేతితో నాలుగు మాటలు గీచియుండును. ఒక ఇంటిపేరు, లేదా ఒక ఓడ పేరు. ఒక్కొక్కచో తేదీ, ఒక్కొక్కచో అదియును లేదు. ఆనాటి పత్రికలవారికి అంతకంటె అక్కర లేదు. నిన్నటి వార్తలోని మనిషి ఎవరో నేడు అందరికి తెలియును గదా! నూరేండ్లు గడచినపిదప ఆ ఇంటిపేరు ఎవరిదో చెప్పువారు లేరు. అక్షరములలో తప్పులు కూడ ఉండెను. గ్రంథాలయమువారు నిజాయితీగా పలకమీదనున్న మాటలనే కేటలాగులో ఎక్కించి, ఇది బెయిన్ సంస్థవారి మాట యని గుర్తు పెట్టి ఊరకుండిరి. 40,000 పలకలను ఒక్కొక్కటిగా పరిశోధించుటకు ఎంతమంది ఉద్యోగులున్నను చాలరు.

మరియొక సంపుటము దీనికి భిన్నమైనది. 1930ల చివర, రెండవ ప్రపంచయుద్ధ కాలమునను అమెరికా ప్రభుత్వము వ్యవసాయదారుల స్థితిని, యుద్ధపరిశ్రమలను చిత్రించుటకు ఛాయాచిత్రకారులను నియమించెను. వారు తీసిన చిత్రములలో అత్యధికము నలుపు తెలుపులు. కాని 1935లో కోడక్ కంపెనీ కోడాక్రోమ్ అను రంగుల ఫిలిమును విడుదల చేసియుండుటచే, 1939 నుండి 1944 వరకు సుమారు 1,600 చిత్రములు రంగులలో గూడ తీయబడెను. విమాన కర్మాగారములో పనిచేయు స్త్రీల చిత్రములు, పల్లెటూరి తిరునాళ్ల చిత్రములు వానిలో కలవు. యుద్ధకాలమనగానే బూడిదరంగు ప్రపంచమును ఊహించుకొను జనులకు ఇవి గొప్ప ఆశ్చర్యము కలిగించినవి.

ఈ చిత్రములు గ్రంథాలయపు స్వంత వెబ్‌సైటులో అంతకు మునుపే ఉండెను. అయితే అక్కడికి వచ్చువాడు తనకేమి కావలెనో ముందే తెలిసికొని రావలెను. అట్టివారు పరిశోధకులు. సామాన్యునకు అవి ఉన్నవనియే తెలియదు. అదే కాలమున ఫ్లికర్ అను కూడలిలో కోట్లాది జనులు తమ ఛాయాచిత్రములను పంచుకొనుచుండిరి. 2004లో కెనడాలోని వాంకూవర్ నగరమున పుట్టిన ఈ సంస్థను మరుసటి ఏడు యాహూ కంపెనీ కొనెను. 2007 చివరకు దానిలోని చిత్రముల సంఖ్య 200 కోట్లు దాటెను. ఒకరు పెట్టిన చిత్రము క్రింద మరియొకరు వ్యాఖ్య వ్రాయవచ్చును. చిత్రమునకు 'టాగు'లు, అనగా గుర్తుమాటలు, తగిలింపవచ్చును. చిత్రములో నొక భాగమును చతురముగా గుర్తించి అక్కడనే ఒక మాట వ్రాయవచ్చును. గ్రంథాలయపు వెబ్‌సైటులో లేని సౌకర్యములు సరిగా ఇవియే.

ఒక చిక్కు వచ్చెను. ఫ్లికర్‌లో చిత్రము పెట్టువాడు దాని కాపీరైటు తనదేనని చెప్పవలసియుండెను. గ్రంథాలయము ఆ పాత చిత్రములకు యజమానియే గాని కాపీరైటుదారు కాదు. అట్లని చిత్రములు ఎవరివియు కావని ప్రమాణము చేయుటకును వీలులేదు. ఎట్టకేలకు, కాపీరైటు నిర్బంధములేవియు ఉన్నట్లు తెలియవచ్చుట లేదను అర్థమిచ్చు క్రొత్త వాక్యమొకటి తయారైనది. ఈ చిన్న వాక్యము లేకున్న తరువాతి కథయే లేదు. 2008 జనవరి 16న 'ది కామన్స్' అను పేరుతో మూడువేలకు పైగా చిత్రములు ప్రజల యెదుట పెట్టబడెను. ఆపైన బెయిన్ చిత్రములను వారమునకు ఏబది చొప్పున చేర్చుచు వచ్చిరి.

గ్రంథాలయమువారికి భయము లేకపోలేదు. ఎవరో వచ్చి బూతులు వ్రాయుదురేమో, గంభీరమైన చిత్రములను వెక్కిరింతురేమో, తప్పు సమాచారముతో నింపుదురేమో యని సందేహించిరి. ఆ ఏటి అక్టోబరులో వారే ప్రకటించిన నివేదికలోని అంకెలు ఈ భయమునకు సమాధానము చెప్పినవి. అప్పటికి చిత్రములు 4,615. వానిని చూచిన పర్యాయములు 1 కోటి 4 లక్షలు. వ్యాఖ్యలు 7,166. జనులు తగిలించిన టాగులు 67,176. వానిని తగిలించినవారు 2,518 మంది. తగనివని తీసివేయవలసివచ్చినవి ఇరువదియైదుకు లోపే.

ఈ అంకెలను కొంచెము నిదానించి చూడవలెను. కోటి నాలుగు లక్షలను 7,166తో భాగించినచో, సుమారు 1,450 పర్యాయములు చూచినపిదప ఒక్క వ్యాఖ్య వచ్చినదని తేలును. ఆ వ్యాఖ్యలలోను "ఎంత బాగున్నది!" అను రకమునకు చెందినవే ఎక్కువ. కాని అదే కాలములో 500కు పైగా చిత్రముల కేటలాగు వివరములు పాఠకులిచ్చిన సమాచారముతో బాగుపడినవి. చూచువారి సంఖ్యను మాత్రమే లెక్కించు నిర్వాహకునకు 500 అల్పముగా తోచును. ఒక్కొక్క పలకకు ఎంత పరిశోధన కావలెనో ఎరిగిన గ్రంథాలయాధికారికి అది ఒక నిధి. ఈ రెండు కొలతలలో ఏది సరియైనదని అడిగినచో, నేను రెండవదాని పక్షమే.

సమాచారము ఎట్లు వచ్చెను? ఒక పాఠకుడు చిత్రములోని ఇంటిపేరును చూచి, నాటి పత్రికలను వెదకి, ఈ మనిషి ఫలానా ఓడలో ఫలానా తేదీన వచ్చిన గాయకుడని వ్రాయును. వేరొకడు ఆ పేరులో అక్షరము తప్పని చూపును. మూడవవాడు అదే సందర్భములో తీసిన మరియొక చిత్రమును పట్టుకొనివచ్చును. మసాచుసెట్స్ రాష్ట్రములోని బ్రాక్‌టన్ పట్టణమున జాక్ డెలానో తీసిన 'సిల్వియా స్వీట్స్' అను ఫలహారశాల రంగుల చిత్రమున్నది. ఆ చిత్రము క్రింద ఆ వీధి మొగను గూర్చి, ఆ పట్టణమును గూర్చి జ్ఞాపకములు పేరుకొనెను. ఏ గ్రంథములోను లేని సంగతులవి. మనుష్యుల తలలలో మాత్రమే ఉండెను.

ఇక్కడ గ్రంథాలయము తన బాధ్యతను విడువలేదు. పాఠకుడు చెప్పినదంతయు కేటలాగులో ఎక్కించలేదు. ఉద్యోగులు ఆ మాటను నాటి వార్తాపత్రికలతోను ఇతర ఆధారములతోను సరిచూచి, నిలిచినచో మాత్రమే వివరమును మార్చిరి. ఆ వివరము ఫ్లికర్ కామన్స్ ద్వారా వచ్చినదని సంవత్సరముతో సహా వ్రాసి పెట్టిరి. బెయిన్ సంస్థ వ్రాసిన పాత మాటను చెరిపివేయక ప్రక్కననే ఉంచిరి. శాస్త్రములో కొలతతోబాటు కొలిచిన పరికరమును పేర్కొనుట ఎంత అవసరమో ఇదియు అంత అవసరము.

టాగుల విషయము వేరు. దీనిని బోధపరచుటకు కేటలాగు మర్మమొకటి చెప్పవలెను. మనము వరి యందుము, వడ్లందుము, ధాన్యమందుము. ముగ్గురు గుమాస్తాలు మూడు మాటలను వాడినచో ఒకే విషయముపైనున్న పుస్తకములు మూడుచోట్ల చెదరిపోవును. అందుచే గ్రంథాలయములు ఒక్క మాటను నిశ్చయించుకొని, తక్కిన రెండింటి వద్ద "వరి చూడుము" అని వ్రాయును. జనులు తగిలించు టాగులకు ఇట్టి కట్టుబాటు లేదు. ఒకడు 'టోపీ' అనును, ఒకడు 'మీసము' అనును, ఒకడు 'ఎరుపు' అనును, మరియొకడు తన స్వభాషలో నొకమాట వ్రాయును. శాస్త్రదృష్టితో చూచిన ఇది గందరగోళమే. అయినను టోపీల చరిత్ర వ్రాయువానికి కేటలాగులో 'టోపీ' అను శీర్షిక దొరకదు, టాగులలో దొరకును. గ్రంథాలయము వ్యాఖ్యలలోని సత్యములను తన కేటలాగునకు తెచ్చుకొనెను గాని టాగులను ఫ్లికర్‌లోనే ఉండనిచ్చెను. ఈ నిర్ణయము తెలివైనదని తోచుచున్నది. కేటలాగు ఒక ఒప్పందము. టాగు ఒక కేక. రెండును పనికివచ్చునవే యైనను ఒకే పుస్తకములో వ్రాయదగినవి కావు.

తరువాతి సంవత్సరములలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్ మొదలగు దేశముల సంస్థలు కామన్స్‌లో చేరెను. 2013 డిసెంబరులో బ్రిటిష్ లైబ్రరీ 17, 18, 19 శతాబ్దముల పుస్తకములనుండి యంత్రము ఏరిన పదిలక్షలకు పైగా బొమ్మలను ఒక్కసారిగా ఫ్లికర్‌లో పెట్టెను. ఏ బొమ్మ ఏ పుటలోనిదో యంత్రమునకు తెలియును గాని అది పక్షియో ఓడయో దేశపటమో తెలియదు. దేశపటములను ఏరిపెట్టు పని చాలవరకు స్వచ్ఛంద పాఠకులు చేసిరి.

అందరికంటె ఎక్కువ నిలకడగా ఈ పని చేసినది ఐర్లండు జాతీయ గ్రంథాలయమని చెప్పవచ్చును. అది 2011లో చేరినది. దానియొద్దను వేలకొలది గాజు పలకలున్నవి. వాటర్‌ఫర్డ్ పట్టణపు పూల్ కుటుంబము స్టూడియో పలకలు, డబ్లినులోని లారెన్స్ సంస్థ పలకలు వానిలో ముఖ్యమైనవి. ఆ గ్రంథాలయము చిత్రములను గుంపుగా కుమ్మరింపక దినమునకొకటి చొప్పున పెట్టుచు, చమత్కారముగా నొక ప్రశ్న వేసెడిది. ఇది ఏ ఊరు? ఏ సంవత్సరము? ఆ వింత యంత్రమేమి? పాఠకులు పోటీపడి జవాబు వెదకెడివారు. ఆ దేశపు 1901, 1911 జనాభా లెక్కల కాగితములు అందరికి ఇంటర్నెట్టులో ఉచితముగా లభించుట వారికి కలిసివచ్చెను. అంగడి బోర్డుపైని పేరును పట్టుకొని, ఆ ఇంటిలో ఎందరుండిరి, యజమాని వయస్సెంత అను సంగతులవరకు పోవచ్చును.

ఈ వెదకుట ఎట్లు సాగునో మన విద్యార్థులు గ్రహించుటకు ఒక లెక్క చేసి చూపెదను. డబ్లిన్ నగర ప్రధానవీధి చిత్రమొకటి తేదీ లేకుండ మనకు దొరకినదనుకొందము. వీధి నడుమ నెల్సన్ స్తంభము నిలిచియున్నచో చిత్రము 1966 మార్చికి పూర్వపుది. ఆ నెలలో దానిని ప్రేలుడు పదార్థముతో కూల్చిరి. విద్యుత్తుతో నడచు ట్రాములు కనబడినచో అది 1896కు తరువాతిది, 1949కి మునుపటిది. ఎందుకనగా ఆ నగరమున విద్యుత్ ట్రాములు పుట్టినది, పాతవి ఆగినది ఆ సంవత్సరములలో. ఇప్పుడు తపాలా భవనము వైపు చూడవలెను. 1916 ఏప్రిల్ తిరుగుబాటులో అది కాలిపోయి 1929లో మరల తెరువబడెను. కప్పులేని గోడలు కనబడినచో ఆ నడిమికాలపుది. భవనము చక్కగా నున్నచో అంతకు ముందుదో తరువాతిదో. వీధిలో గుఱ్ఱపుబండ్లు తప్ప మోటారుకార్లు లేవా? అట్లయిన మొదటి పక్షమే బలమైనది. చెట్ల ఆకులు ఋతువును చెప్పును. వీధి ఏ దిక్కుకున్నదో తెలిసినచో నీడ గంటను చెప్పును. గోడపైని నాటకపు ప్రకటన చదువగలిగినచో నాటి పత్రికలు తేదీనే చెప్పును. ఇట్లు డెబ్బది ఏండ్ల సందేహము ఒక వారమునకు తగ్గవచ్చును. ఏ పాఠశాలలోనైనను గోడపైని పాత గ్రూపు ఫోటోతో ఉపాధ్యాయులు ఈ ప్రయోగము చేయింపవచ్చును. దీనికి ప్రయోగశాల అక్కరలేదు.

తెలుగు పుస్తకములకును ఇట్టి అవసరము వచ్చినది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకములో మన పాత గ్రంథములు వేలకొలది స్కాను చేయబడెను. పని గొప్పదే. కాని పేర్లను రోమను లిపిలో, తోచిన అక్షరక్రమముతో ఎక్కించిరి. కొన్నిటికి గ్రంథకర్త పేరు లేదు. కొన్నిటికి ఉన్న పేరు గుర్తుపట్టుటకు వీలులేదు. తెలుగు లిపిలో వెదకు పాఠకునికి ఆ పుస్తకములు ఉన్నవియు లేనివియు ఒకటే. 2014లో తెలుగు వికీపీడియా కార్యకర్తలు వికీమీడియా ఫౌండేషన్ గ్రాంటుతో ఆ పుస్తకములను తెరచి చూచి, తెలుగులో పేర్లు, వివరములు వ్రాయు పనికి పూనుకొనిరి. వికీపీడియా ఫ్లికర్ వంటి కూడలి కాదు. కాని కేటలాగు తప్పును పాఠకుడు దిద్దుట ఇక్కడను అక్కడను ఒకటే. భేదమొక్కటి కలదు. అక్కడ గ్రంథాలయమే అడిగెను. ఇక్కడ ఎవరును అడుగకయే పాఠకులు చేసిరి.

సామాజిక మాధ్యమములలో పేరు పొందిన గ్రంథాలయములన్నియు ఇట్లు ప్రశ్నలు వేయునవి కావు. స్కాట్లండు ఉత్తరమున ఆర్క్‌నీ దీవుల గ్రంథాలయము 1683 నాటిది. ఆ దీవుల జనసంఖ్య సుమారు 22,000. ట్విట్టర్‌లో దాని మాటలు వినువారు అంతకు మించిపోయిరి. కారణము అది చేయు హాస్యమే. 2018 ఆగస్టులో న్యూయార్కు ప్రజా గ్రంథాలయము 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' నవలను బొమ్మలతో ఇన్‌స్టాగ్రామ్‌లో పుటలు త్రిప్పి చదువునట్లు పెట్టెను. బొటనవ్రేలు తెరపై ఆనించినచో పుట ఆగును, ఎత్తినచో మరలును. యువకులు దినమంతయు చూచు తెరలోనికే నవలను పంపుట మన కాలువ పడవ వంటి ఉపాయము. రెండును మెచ్చదగినవి. అయితే వీనివలన గ్రంథాలయమునకు కీర్తి వచ్చును, పాఠకులు వత్తురు. గ్రంథాలయములోని జ్ఞానము మాత్రము పెరుగదు.

జనుల మాటలను సేకరించుటలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వేసిన మరియొక అడుగు ఇంత చక్కగా ఫలింపలేదు. 2010 ఏప్రిల్‌లో ట్విట్టర్ కంపెనీ, 2006లో తాను పుట్టిననాటినుండి బహిరంగముగా వెలువడిన సందేశములన్నింటిని ఆ గ్రంథాలయమునకు దానమిచ్చెను. 2013 జనవరి నాటికి అవి 17,000 కోట్లు. దినమునకు మరి 50 కోట్లు వచ్చిపడుచుండెను. మొదటి నాలుగేండ్ల సందేశములలో ఒక్క మాటను వెదకుటకే నాటి యంత్రములకు 24 గంటలు పట్టునని గ్రంథాలయమే ఒప్పుకొనెను. 2017 డిసెంబరులో వారు ఇక అన్నియు తీసికొనము, ముఖ్యమైన ఘటనలకు సంబంధించినవే ఏరి తీసికొందుమని ప్రకటించిరి. సేకరించిన రాశి అప్పటికిని పాఠకులకు తెరువబడలేదు. వేలకోట్ల మాటలు చేరినను వానిలో గ్రంథాలయము అడిగినది ఒక్కటియు లేదు. గాజు పలకల కథకును దీనికిని భేదమిదియే.

మరి రెండు సంగతులు చెప్పవలసియున్నవి. అమెరికా గ్రంథాలయ సంఘము 1939లో వెలువరించిన నీతి నియమావళిలోనే, పాఠకునిగూర్చి తెలిసిన సంగతులను రహస్యముగా నుంచవలెనని గలదు. ఎవడు ఏ పుస్తకము చదివెనో పోలీసువానికైనను ఊరక చెప్పరాదని గ్రంథాలయవృత్తివారు భావింతురు. సామాజిక మాధ్యమ సంస్థల జీవనాధారము దీనికి సరిగా విరుద్ధము. ఎవడు ఏది ఎంతసేపు చూచెనో తెలిసికొని ప్రకటనలు అమ్ముకొనుటయే వాని వ్యాపారము. గ్రంథాలయము తన పాఠకులను అక్కడికి పిలిచినప్పుడెల్ల ఆ లెక్కల పుస్తకమునకు వారిని అప్పగించుచున్నట్లే. ఈ చిక్కునకు ఇంతవరకు చక్కని విడుపు దొరకలేదు.

రెండవది, కూడలి యజమానులు మారుదురు. యాహూ 2017లో వెరైజాన్ కంపెనీ చేతికి పోయెను; మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఫ్లికర్ స్మగ్‌మగ్ అను సంస్థ పాలయ్యెను. ఆ ఏటి నవంబరులో క్రొత్త యజమానులు డబ్బు కట్టనివారి చిత్రములను వేయికి మించి ఉంచమని ప్రకటించిరి. కామన్స్ చిత్రములకు ఆ నియమము వర్తింపదని వెంటనే చెప్పుటచే గ్రంథాలయములు ఊపిరి పీల్చుకొనెను. ట్విట్టర్‌కు 2023లో పేరే మారి 'ఎక్స్' అయ్యెను. పడవ గ్రంథాలయమునకు కాలువ ప్రభుత్వముది. కాలువను ఎవరును అమ్మివేయలేదు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చిత్రములు ఏ కంపెనీ మూతపడినను పోవు. అసలు పలకలు వాషింగ్టనులోనే ఉన్నవి. సరిచూచి ఎక్కించిన వివరములును పోవు; అవి గ్రంథాలయపు స్వంత కేటలాగులో నున్నవి. బెయిన్ సంపుటములోని చిత్రముల వివరము తెరచినచో, సమాచారము ఫ్లికర్ కామన్స్‌నుండి వచ్చినదను చిన్న మాట పెక్కింటిలో నేటికిని కనబడును. కాని ఆ సమాచారము తెచ్చినవారెవరో ఆ మాట చెప్పదు. వారి పేర్లు, వారెట్లు వెదకిరో చెప్పు సంభాషణ, ఒకరి తప్పును ఒకరు దిద్దిన క్రమము ఇవన్నియు ఫ్లికర్‌లోని వ్యాఖ్యల క్రిందనే ఉన్నవి.